ఆ రోడ్లు మనకోసం వేసినవి కావు

సెలవు రోజున సైకిలేసుకుని ఊళ్ళమీద పడతానని తెలిశాక మావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఫ్రాన్సులో సైకిళ్ళకి వేరే రోడ్లుంటాయటగా?" మా మావయ్య దగ్గర్నుంచి కాలేజీ స్నేహితుల దాకా అందరిదీ ఇదే మాట. 2023 అక్టోబరులో హైదరాబాదు అవుటర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు మొదలైనప్పుడు ఒక మిత్రుడైతే "ఇక మీ ఫ్రాన్సుకీ మాకూ తేడా లేదు పో" అని మెసేజి పెట్టాడు :-)

వేరే రోడ్లు అసలు లేవని కాదు. కాలవ గట్లున్నాయి, పట్టాలు పీకేసిన పాత రైలు దారులున్నాయి. కానీ టులూజ్‌లో ఉద్యోగం చేస్తూ మూడేళ్ళుగా నేను తొక్కుతున్న దారుల్లో నూటికి తొంభై సైకిళ్ళ కోసం వేసినవి కావు. రైతుల కోసం వేసినవి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ద్రాక్ష రైతుల కోసం. ఆ రైతులిప్పుడు తోటలు పీకేస్తున్నారు. ఆ తోటల మధ్య ఫొటోలు దిగే మా సైకిలు జనానికి ఇది పట్టట్లేదు. నా గోలంతా ఇదే. ఓపికుంటే చదవండి.

ముందు ఎక్కడ తొక్కుతానో చెప్పాలి. టులూజ్ నుంచి తూర్పుగా, మధ్యధరా సముద్రం వైపు, రైల్లో వెళ్తే గంటలో కర్కాసోన్ వస్తుంది. రెండు వరసల గోడలున్న పాత కోట ఊరది. సైకిలు పందాలు చూసేవాళ్ళకి ఇంకో రకంగా గుర్తుంటుంది. 2021 టూర్ ద ఫ్రాన్సులో మార్క్ కావెండిష్ తన 34వ స్టేజి గెలిచి ఎడ్డీ మెర్క్స్ రికార్డుని అందుకున్నది అక్కడే. ఆ జిల్లా పేరు ఓద్ (వాళ్ళు డిపార్ట్‌మెంట్ అంటారు, మన జిల్లా లాంటిదే). ఓద్ అన్నది నది పేరు కూడా. పిరనీస్ కొండల్లో పుట్టి, ఉత్తరంగా కర్కాసోన్ దాకా వచ్చి, అక్కడ తూర్పుకి తిరిగి సముద్రంలో కలుస్తుంది. నదికి ఉత్తరాన మినెర్వువా, దక్షిణాన కోర్బియేర్. రెండూ ద్రాక్షకి పేరుపడ్డవే.

నాకు బాగా ఇష్టమైన దారి కోర్బియేర్‌లోది. లెజిన్యాన్‌లో రైలు దిగి, ఓద్‌కి ఉపనది అయిన ఓర్బియూ వెంట ఏటికి ఎదురుగా దక్షిణానికి వెళ్ళాలి. ఫాబ్రెజాన్, రిబోత్, లగ్రాస్, అలా పైకి. లగ్రాస్ దాకా లోయ కాస్త వెడల్పుగా ఉంటుంది. ఏటి పక్కనే ద్రాక్ష, దాని వెనక మిట్టల మీద కూడా ద్రాక్షే, ఆపైన ముళ్ళపొదలూ పైన్ చెట్లూ. లగ్రాస్ దాటాక లోయ ఇరుకైపోతుంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏరు, మధ్యలో కారు వెడల్పుకి కాస్త ఎక్కువున్న తారు రోడ్డు. ఎత్తులు పెద్దగా ఉండవు. ఆల్ప్స్ లాగా గంటన్నర సేపు ఏకధాటిగా ఎక్కించే కొండలు కావివి. పది నిమిషాలు ఎక్కు, అయిదు నిమిషాలు దిగు, మలుపు తిరుగు, ఇంకో ఊరు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంత పలచటి జనాభా ఉన్న చోట ఇన్ని రోడ్లెందుకున్నాయి? మ్యాపు తెరిచి చూస్తే ప్రతి ఊరి నుంచీ పక్కనున్న నాలుగైదు ఊళ్ళకీ విడివిడిగా రోడ్లుంటాయి. ఒక దారి నచ్చకపోతే ఇంకోటి. సైకిలు తొక్కేవాడికి ఇంతకన్నా ఏం కావాలి! దీని వెనక చరిత్ర ఉంది. ఊరి దారుల బాగోగులు ఊళ్ళే చూసుకోవాలని 1836లో ఒక చట్టం వచ్చింది. 1857లో టులూజ్ మీదుగా సముద్రతీరం దాకా రైలు పడింది. దాంతో ఇక్కడి చవక వైను పీపాల్లో దేశమంతా వెళ్ళడం మొదలైంది. గోధుమ వేసుకునేవాళ్ళు కూడా ద్రాక్షకి మారిపోయారు. ద్రాక్ష కోసిన కొద్ది గంటల్లో గానుగకి చేరాలి, లేకపోతే బండిలోనే పులుస్తుంది. తోటలు చూస్తే అన్నీ చిన్న చిన్న మడులు, ఒక్కో రైతుకి నాలుగు దిక్కులా నాలుగు ముక్కలు. అలాంటప్పుడు ప్రతి మడి దాకా బండి వెళ్ళే దారి ఉండితీరాలి. మనం ఈ రోజు గూగుల్ మ్యాపులో చూసి "ఆహా, ఎంత చక్కటి దారి" అనుకునేది ఒకప్పుడు ద్రాక్ష బండి వెళ్ళిన దారి.

ఆ తర్వాతి కథ కూడా రోడ్డు మీద వెళ్తుంటే కనిపిస్తుంది. ఊరు దగ్గరకొస్తోందంటే రెండు కట్టడాలు ముందు కళ్ళబడతాయి. ఒకటి చర్చి గోపురం, రెండోది చర్చి కన్నా పెద్దగా ఉండే సహకార వైను గోదాము. ఈ సహకార సంఘాల్లో తొలివాటిలో ఒకటి 1901లో పక్క జిల్లాలోని మరోసాన్ అనే ఊళ్ళో పుట్టింది. 1907లో ధరలు పడిపోయి, చక్కెర నీళ్ళతో కల్తీ వైను చేసేవాళ్ళ వల్ల అసలు రైతు మునిగిపోతుంటే, ఆర్జెలియే అనే చిన్న ఊరి నుంచి మార్సెలాన్ ఆల్బేర్ అనే రైతు మొదలుపెట్టిన ఉద్యమం దక్షిణాది మొత్తాన్ని ఊపేసింది. జూన్ 9న మోన్‌పెల్యేలో లక్షల మంది పోగయ్యారు. రైతుల మీదికి పంపుతారేమోనని బెజియేలో ఒక పటాలం సైనికులే తిరగబడ్డారు. ఆ నెలాఖరుకి కల్తీ మీద చట్టం వచ్చింది. సహకార సంఘాలు ఊరూరా లేచింది ఆ తర్వాతే. మన దగ్గర పాల సంఘాల గురించీ చక్కెర ఫ్యాక్టరీల గురించీ వింటూ పెరిగినవాడికి ఇదంతా పరాయి కథలా అనిపించదు.

రోడ్లుంటే సరిపోతుందా, వాటి మీద ప్రాణం నిలవాలిగా అంటారా? అదీ చెప్తాను. లారీలూ తొందరలో ఉన్న కార్లూ టోలు కట్టి మోటారువే ఎక్కేస్తాయి కాబట్టి ఊరి రోడ్ల మీద రద్దీ ఉండదు. ఇక చట్టం. సైకిలుని దాటేటప్పుడు ఊళ్ళో అయితే మీటరు, ఊరి బయట మీటరున్నర ఎడం ఉండాలి. 2015 నుంచి ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చారు. ఎదురుగా ఏమీ రావట్లేదని స్పష్టంగా కనిపిస్తే, ఈ ఎడం పాటించడానికి కారువాడు రోడ్డు మధ్యనున్న తెల్లగీతని తొక్కవచ్చు. చిన్న సవరణే. కానీ అది లేకపోతే మీటరున్నర నియమం ఇరుకు రోడ్ల మీద కాగితానికే పరిమితం అయ్యేది. చట్టం రాసినవాడు కనీసం ఒక్కసారైనా ఇరుకు రోడ్డు మీద సైకిలు వెనక కారు నడిపి ఉంటాడని నా అనుమానం. మధ్యలో గోడ లేని రెండు వరసల రోడ్ల మీద వేగం కూడా 2018 జులైలో 90 నుంచి 80కి తగ్గించారు. దాని మీద పెద్ద గొడవ జరిగి, తర్వాత నిర్ణయాన్ని జిల్లాలకి వదిలేశారు. కొన్ని జిల్లాలు మళ్ళీ 90కి వెళ్ళిపోయాయి.

కాబట్టి నేను మా మిత్రుడికిచ్చిన జవాబు ఇది: సైకిలుకి కావాల్సింది వేరే రోడ్డు కాదు. ఉన్న రోడ్డు మీద చోటు, ఆ రోడ్డు చుట్టూ బతికున్న ఊళ్ళు. అవుటర్ పక్క ట్రాకు మంచిదే, నేనూ సెలవులకొచ్చినప్పుడు తొక్కాను. కానీ 23 కిలోమీటర్లయ్యాక ఏం చెయ్యాలి? వెనక్కి తిరగాలి. ఇక్కడ వెనక్కి తిరగక్కర్లేదు, ఎడమకి తిరిగితే చాలు.

మరీ స్వర్గంలా చెప్తున్నట్టున్నాను, ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటిది గాలి. వాయవ్యం నుంచి వీచే గాలిని ఇక్కడ సెర్స్ అంటారు. ఏడాదిలో సగం రోజులు వీస్తూనే ఉంటుందేమో అనిపిస్తుంది. చక్రవర్తి అగస్టస్ ఈ గాలికి గుడి మొక్కుకున్నాడని రోమన్ రచయిత సెనెకా రాశాడు. పొద్దున సముద్రం వైపు వెళ్ళేటప్పుడు మనమేదో ప్రపంచ విజేతలమైనట్టు గంటకి 35 వేగం వస్తుంది, సాయంత్రం తిరుగు దారిలో అదే గాలి వడ్డీతో సహా వసూలు చేస్తుంది. రెండోది నీళ్ళు. ఎండాకాలంలో దాహానికి ఊరి కుళాయి వెతుక్కోవాలి. కుళాయి లేకపోతే శ్మశానానికి వెళ్ళాలి. నవ్వకండి, సమాధుల మీద పూలకుండీలకి పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. తాగకూడని నీళ్ళయితే బోర్డు ఉంటుంది, చూసుకుని పట్టుకోవాలి.

మూడోది ఏళ్ళు. ఆగస్టులో ఓర్బియూని చూస్తే పిల్లకాలవ అనుకుంటాం, రాళ్ళ మీంచి దాటెయ్యొచ్చు. కానీ కొన్నిచోట్ల రోడ్డు వంతెన మీంచి కాకుండా ఏటి అడుగునే దాటుతుంది, పక్కన నీటి మట్టం గుర్తులు గీసిన కర్ర ఉంటుంది. ఆ కర్ర ఎందుకో శరదృతువులో తెలుస్తుంది. సముద్రం మీంచి వచ్చిన తడిగాలి కొండలకి గుద్దుకుంటే ఒక్క రాత్రిలో నెలల వాన పడిపోతుంది. 1999 నవంబరులో, మళ్ళీ 2018 అక్టోబరులో ఈ జిల్లాలో వచ్చిన వరదల్లో ఊళ్ళకి ఊళ్ళే మునిగి మనుషులు పోయారు. 2018లో బాగా దెబ్బతిన్న ట్రెబ్ అనే ఊరు కర్కాసోన్ పక్కనే, మేం తరచూ కాఫీకి ఆగే చోటు.

ఇన్ని చెప్పాను గానీ తోట గురించి చెప్పలేదు. ఏడాది పొడుగునా ఇదే దారిలో తిరిగితే ద్రాక్ష ఎంత పనో తెలుస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో చలిగాలిలో వంగి ఒక్కో మొక్కనీ కత్తిరించే మనుషులు కనిపిస్తారు. ఏప్రిల్లో చిగురు. మే, జూన్లలో మందు కొట్టడం. నీలంగా ఆకుల మీద కనిపించేది మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమే, మన రైతులు కొట్టేదే. ఆ పేరు ఈ దేశపు బోర్డో నుంచే వచ్చింది. అప్పుడు సైకిళ్ళవాళ్ళం కాస్త దూరంగా ఆగి, ట్రాక్టరు వరస చివరికి వెళ్ళాక దాటడం మర్యాద, మన ఊపిరితిత్తులకీ మంచిది. ఆగస్టు చివర్లో కోతలు. ఎండకి పళ్ళు వేడెక్కకుండా రాత్రిపూటే యంత్రాలతో కోస్తారు. తెల్లవారుజామున బయల్దేరితే తోట వరసకి అటో కాలూ ఇటో కాలూ వేసి నడిచే ఎత్తైన కోతయంత్రం రోడ్డంతా ఆక్రమించి ఎదురొస్తుంది. పక్కకి జరిగి దారివ్వాల్సింది మనమే. రోడ్డు దానిది.

ఇక్కడి పాత తోటల్లో పందిళ్ళుండవు. తీగ అని కూడా అనలేం, మోకాలెత్తు మోడు, దాన్నుంచి నాలుగైదు కొమ్మలు, అంతే. కొత్తవాటిని తీగకట్టు మీద పాకిస్తారు. మనకి ద్రాక్షంటే పందిరే గుర్తొస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్ళు ఎన్ని ఉండేవో మా మావయ్య చెప్తుంటాడు. స్కూటరు మీద మేడ్చల్ వైపు వెళ్తే రోడ్డు పక్కనే తోటమాలి దగ్గర గంపలకి గంపలు కొనుక్కొచ్చేవారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ వైపంతా ప్లాట్ల బోర్డులే. అక్కడ ద్రాక్ష పండేదని చెప్తే మా తరం వాళ్ళు నమ్మరు. ఒక పంట ఒక చోటు నుంచి పూర్తిగా మాయమవ్వగలదని నాకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

కోర్బియేర్‌లో ప్లాట్ల బెడద లేదు. అక్కడి బెడద వేరే. ఫ్రాన్సులో 1960ల్లో మనిషికి ఏడాదికి వంద లీటర్ల పైచిలుకు వైను తాగేవాళ్ళు. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. ముఖ్యంగా ఇక్కడ పండే ఎర్ర వైను అడిగేవాళ్ళు తగ్గిపోయారు. దానికి తోడు 2022 నుంచి వరసగా కరువు. దిగుబడి లేదు, వచ్చినదానికి ధర లేదు. 2024లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. తోట శాశ్వతంగా పీకేస్తే హెక్టారుకి 4,000 యూరోలు. మన లెక్కలో ఎకరానికి 1,600. దేశవ్యాప్తంగా సుమారు 27 వేల హెక్టార్లకి, అంటే 66 వేల ఎకరాల పైచిలుకుకి దరఖాస్తులొచ్చాయి. అందులో పెద్ద వాటాల్లో ఓద్ జిల్లాది ఒకటి. అదీ చాలక 2025 నవంబరులో మరో 13 కోట్ల యూరోలతో ఇంకో విడత ప్రకటించారు.

పీకిన తోట ఎలా ఉంటుందో చెప్తాను. మోళ్ళన్నీ ఒక మూల గుట్టగా పోసి ఉంటాయి, వేళ్ళతో సహా. చలికాలంలో వాటిని పొయ్యిలోకి వాడతారు. మొదటి ఏడాది నేల ఎర్రగా, బోసిగా ఉంటుంది. రెండో ఏడాది గడ్డి. మూడో ఏడాది ముళ్ళపొదలు, పైన్ మొలకలు. దారిలో వెళ్ళే కొత్తవాడికి "అబ్బ, ప్రకృతి" అనిపిస్తుంది.

ఆ ప్రకృతికి ఏం జరుగుతుందో 2025 ఆగస్టులో చూశాం. ఆగస్టు 5 మధ్యాహ్నం రిబోత్ దగ్గర నిప్పంటుకుంది. పైన చెప్పానే, నేను తొక్కే దారిలో లగ్రాస్‌కి ముందొచ్చే ఊరు, అదే. ఎండిపోయిన పొదలు, వెనక గాలి. రెండు రోజుల్లో సుమారు 16 వేల హెక్టార్ల మీదుగా మంట వెళ్ళిపోయింది. దాదాపు 40 వేల ఎకరాలు. హైదరాబాదువాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే పాత జీహెచ్‌ఎంసీ విస్తీర్ణంలో నాలుగో వంతు. ఒకావిడ తన ఇంట్లోనే చనిపోయింది. పదుల కొద్దీ ఇళ్ళు కాలిపోయాయి. రెండు వేల మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది పనిచేశారు. మధ్యధరా ఫ్రాన్సులో కనీసం యాభై ఏళ్ళలో ఇంత పెద్దది లేదన్నారు.

మంటలు ఆరాక అక్కడి మేయర్లూ రైతులూ ఒకే మాట అన్నారు. తోటలు ఉన్నచోట మంట నెమ్మదించింది, లేదా ఆగిపోయింది. వదిలేసిన పొలాల్లోంచి పరిగెత్తింది. ఇందులో మాయేమీ లేదు. దున్నిన తోటలో వరసల మధ్య కాలడానికి ఏమీ ఉండదు, మోళ్ళలో పచ్చిదనం ఉంటుంది. కొండకీ కొండకీ మధ్య పరిచిన తోట అంటే ఎవరో ఏడాదంతా ఉచితంగా శుభ్రం చేసిపెడుతున్న నిప్పు అడ్డుకట్ట. అలాగని మొత్తం తోటలు ఉండుంటే మంటే వచ్చేది కాదని నేననట్లేదు. ఎండ, కరువు, గాలి వాటి పని అవి చేశాయి. వాటిని మనం రేపటికి ఆపలేం. తోటని ఉంచడమో పీకడమో మాత్రం కాగితం మీద సంతకంతో తేలే విషయం.

మా ఉద్యోగంలో ఒక సామెతలాంటి భయం ఉంది. పాత కోడులో ఎవరూ పిలవని మాడ్యూలు ఒకటి కనిపిస్తుంది. ఎవరూ వాడట్లేదుగా అని కొత్తగా వచ్చినవాడు తీసేస్తాడు. టెస్టులన్నీ పాసవుతాయి. నెల తర్వాత ఏ అర్ధరాత్రో సంబంధమే లేదనుకున్న చోట కూలుతుంది. తోట లెక్క కూడా అంతే. ప్రభుత్వం దగ్గరున్న పట్టికలో తోటకి ఒకే గడి ఉంది, ఎంత వైను ఇస్తుంది అని. వైను అమ్ముడుపోవట్లేదు, కాబట్టి తోట అనవసరం. మంటని ఆపడం, నేలని వరదకి కొట్టుకుపోకుండా పట్టి ఉంచడం, బడి మూతపడకుండా ఊళ్ళో నాలుగు కుటుంబాలని నిలపడం, ఆ రోడ్డు బాగు చెయ్యమని అడిగే మనిషంటూ ఒకడుండడం, వీటికి గడులు లేవు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుందని తెలుసు. తాగేవాళ్ళు తగ్గితే మంచిదే కదా, మద్యం పండించడానికి జనం పన్నులు కట్టాలా? నేను వైను తాగను (ఇక్కడి సహోద్యోగులకి అదొక వింత). తాగేవాళ్ళు పెరగాలని నేను కోరుకోవట్లేదు. కానీ ఒక్కటి గమనించండి. ప్రజల డబ్బు ఇప్పుడూ ఖర్చవుతోంది, కాకపోతే పీకడానికి. హెక్టారుకి 4,000 ఇచ్చి పొలాన్ని పొదలకి వదిలేసి, తర్వాత ఆ పొదల్లో మంట ఆర్పడానికి విమానాలకి ఇంకా ఎక్కువ పెడుతున్నారు. అదే డబ్బు, ఊరి చుట్టూ, లోయ మూతుల దగ్గర, మంట దారిలో ఉన్న మడులని ఎంచి, వాటిని సాగులో ఉంచినవాడికి ఏటేటా కొంత ఇవ్వడానికి పెడితే? అందులో ద్రాక్షే ఉండాలని లేదు. ఆలివ్ వెయ్యనీ, బాదం వెయ్యనీ, మేకలు మేపనీ. మినెర్వువాలో బీజ్ అనే ఊళ్ళో ఆలివ్ సహకార సంఘం నడుస్తూనే ఉంది. నేల దున్నబడి ఉండాలి, అంతే. నీళ్ళేవి అంటే, ఆ ప్రశ్న నిజమే. రోన్ నది నీళ్ళని గొట్టాల్లో పడమటికి తెచ్చే పథకం మైదానంలోని తోటలకి అందుతోంది గానీ కొండల్లోని మడుల దాకా రాదు. అందుకే కరువుకి ఆగే పంటలకే డబ్బు పెట్టాలి.

రెండో అభ్యంతరం మా సైకిలు జనం నుంచే. "మనం వస్తున్నాంగా, పర్యాటకంతో ఊళ్ళు బతుకుతాయి." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఒక ఆదివారం లెక్క చూద్దాం. ఇరవై మంది వస్తారు. సంచుల్లో నగరం సూపర్ మార్కెట్లో కొన్న అరటిపళ్ళు, ఎనర్జీ బార్లు. నీళ్ళు శ్మశానం కుళాయివి. లగ్రాస్ పాత వంతెన మీద ఫొటో. ఒక్కొక్కరు ఒక్కో ఎస్ప్రెస్సో. సాయంత్రానికి స్ట్రావాలో 110 కిలోమీటర్లు, కింద "ఎంత అందమైన ప్రాంతమో" అని వ్యాఖ్యలు. ఊరికి మిగిలింది ముప్పై, నలభై యూరోలు. ఏడాదంతా వంగి కత్తిరించిన మనిషి జేబులోకి వెళ్ళింది సున్నా. పర్యాటకం వల్ల బతికేది లగ్రాస్ లాంటి నాలుగు అందమైన ఊళ్ళు. వాటి మధ్యనున్న ముప్పై మామూలు ఊళ్ళని బతికించేది పొలమే. మేం తొక్కే కిలోమీటర్లు ఆ మామూలు ఊళ్ళ మధ్యవే.

నేను పెట్టుకున్న నియమాలు చెప్తాను, ఇవేమీ ఘనకార్యాలు కావు. ఆగిన ప్రతిసారీ ఊరి దుకాణంలోనో సహకార సంఘంలోనో ఏదో ఒకటి కొంటాను. వైను అక్కర్లేకపోతే ద్రాక్షరసం ఉంటుంది, ఆలివ్ నూనె ఉంటుంది, కోర్బియేర్ తేనె ఉంటుంది. వెనక జేబులో సీసా పట్టకపోతే చిన్న తేనె డబ్బా పడుతుంది. భోజనం మోసుకెళ్ళను. కోతల రోజుల్లో ట్రాక్టరు వెనక బెల్లు కొట్టను. మడి అంచుల్లో సైకిలు పడుకోబెట్టి కాయలు తెంపే సరదా ఉన్నవాళ్ళతో కలిసి వెళ్ళను.

కానీ తేనె డబ్బాలతో ఇది తీరదని నాకూ తెలుసు. సైకిలు సంఘాలకి ఈ దేశంలో బాగానే నోరుంది. మీటరున్నర కోసం అడిగారు, సాధించారు. కాలవ గట్లకి తారెయ్యమని అడుగుతారు, జిల్లా సభలు వింటాయి. అదే నోటితో, పచ్చరంగు వేసిన ఇంకో అయిదు కిలోమీటర్ల ట్రాకు అడిగే బదులు, ఈ లోయల్లో సాగు నిలబెట్టే పథకం కావాలని రైతుల పక్కన నిలబడి అడగొచ్చు. రైతులకి సైకిలువాళ్ళతో పనిలేదనుకుంటాం. ఒక సంఘం కౌంటరు దగ్గర పెద్దాయనతో మాట కలిపినప్పుడు ఇదే అన్నాను, "మీకు మేం అడ్డమే కదండీ" అని. ఆయన నవ్వి, అడ్డం వచ్చేవాళ్ళైనా ఉన్నారు, సంతోషం అన్నాడు. ఈ రోడ్డు మీద ఎవరూ వెళ్ళకపోతే జిల్లావాళ్ళు గుంటలు పూడ్చడం మానేస్తారట.

ఓద్ లోయలకి రావాలనుకుంటే రండి. ఏప్రిల్ చివర గానీ అక్టోబరు మొదట్లో గానీ అయితే ఎండ బాధ ఉండదు. జులై, ఆగస్టుల్లో గాలి ఎక్కువున్న రోజుల్లో అడవి దారులు మూసేస్తారు, జిల్లా ప్రకటనలు చూసుకుని బయల్దేరండి. టైర్లు కాస్త లావువి వేసుకోండి, ఎండాకాలంలో రోడ్డు మీద తారు పోసి సన్నకంకర చల్లి వదిలేస్తారు, జారుతుంది. ప్రాంతీయ రైళ్ళలో సైకిలు ఎక్కించుకోవచ్చు. దారిలో ఒక మడి పచ్చగా, పక్క మడి పొదలతో కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి రెండింటినీ చూడండి. ఏది ప్రకృతో ఏది పనో అప్పుడు మీరే చెప్తారు.